రీస్టార్ట్ చేస్తే మూడు సెకన్లు, పొద్దున ఆన్ చేస్తే రెండు నిమిషాలు: ఒక వైఫై కేసు

నేను చిన్న ఆఫీసులకు కంప్యూటర్ సపోర్ట్ చేస్తుంటాను. ఈ కేసులో మొదటి రోజు నేను పొరపాటు పడ్డాను. దాన్ని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఎవరైనా ముందు పట్టే దారి అదే.

ఫిర్యాదు

అకౌంట్స్ పని చూసుకునే ఒకావిడ ఫోన్ చేశారు. "పొద్దున ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే స్క్రీన్ టక్కున వస్తుందండీ. వైఫై మాత్రం రాదు. రెండు నిమిషాలు అలా చూస్తూ కూర్చోవాలి. ఒకసారి వచ్చిందంటే మళ్ళీ సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. ఆవిడ పనిచేసే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తనంతట తానే తెరుచుకుంటుంది. నెట్ లేకపోతే సర్వర్ దొరకలేదని ఎర్ర అక్షరాల్లో చెప్పి మూసుకుపోతుంది. రోజూ పొద్దున్నే మొదట కనిపించేది ఆ ఎర్ర బాక్స్. అసలు టెన్షన్ వైఫై గురించి కంటే దాని గురించే.

అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్‌లో చూపించారట. వాళ్ళు ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చారు. తేడా రాలేదు. రెండోసారి వెళ్తే వైఫై కార్డు మార్చాలన్నారు. అక్కడ ఆవిడకు అనుమానం వచ్చింది. కార్డు పాడైతే మధ్యాహ్నం మాత్రం ఎలా పనిచేస్తోంది? మంచి ప్రశ్న. అంత మంచి ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

నేను అడిగినవి మూడు. రీస్టార్ట్ చేస్తే ఎలా ఉంటుంది? వెంటనే వస్తుందన్నారు. ఫోన్‌లో వైఫై వస్తుందా? ఫోన్‌కు చాలా ముందే వస్తుందన్నారు. ఎప్పటి నుంచి? రెండు నెలల క్రితం, విండోస్ అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి అన్నారు. చివర్లో ఇంకో మాట కూడా చెప్పారు: "ఒక్కోసారి ఆ వైఫై గుర్తు మీద రెండు మూడుసార్లు నొక్కితే కాస్త త్వరగా వస్తుందండీ." అందరూ చెప్పే మాటే కదా అని నవ్వి ఊరుకున్నాను. నిజానికి ఆవిడ చెప్పినవాటిలో అన్నిటికంటే పనికొచ్చే సమాచారం అదే.

మొదటి రోజు

షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఆలస్యం, రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది. ఈ రెండూ కలిపి వినగానే ఈ పనిలో ఉన్న ఎవరికైనా నోటికొచ్చే మాట ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. దీనివల్ల మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోదు. మనం తెరిచినవన్నీ మూసేస్తుంది కానీ, లోపలి కెర్నల్‌ను (విండోస్ మూల భాగాన్ని), దానితోపాటు డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాముల) స్థితిని డిస్క్ మీద ఒక ఫైల్‌లో దాచిపెడుతుంది. మర్నాడు ఆన్ చేస్తే వాటిని మొదటి నుంచి లేపకుండా, దాచిన చోటు నుంచి తెచ్చి నిలబెడుతుంది. రీస్టార్ట్‌లో ఈ వ్యవహారం ఉండదు, అన్నీ కొత్తగా మొదలవుతాయి. కాబట్టి వైఫై డ్రైవర్ ఇలా నిద్రలేచినప్పుడు సరిగ్గా తేరుకోకపోతే లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో చెప్పే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేశాను. పనిలో పనిగా డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్ళి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే టిక్ కూడా తీసేశాను. డ్రైవర్ కొత్త వెర్షన్ ఎక్కించాను. షట్‌డౌన్ చేసి, అర నిమిషం ఆగి ఆన్ చేశాను. డెస్క్‌టాప్ వచ్చిన మూడు నాలుగు సెకన్లలో వైఫై పట్టుకుంది. ఆవిడ ముందే ఇంకోసారి చేసి చూపించాను. అప్పుడూ అంతే.

మర్నాడు తొమ్మిదిన్నర దాటగానే ఫోన్. "మళ్ళీ అదే అండీ."

నా పొరపాటు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. ఏదీ ముట్టుకోకముందు ఒకసారి షట్‌డౌన్ చేసి ఆన్ చేసి చూడలేదు. చూసి ఉంటే ఆ మధ్యాహ్నం అప్పుడు కూడా మూడు సెకన్లలోనే పట్టుకునేది. లేని జబ్బుకు మందు వేసి, తగ్గిందని చెప్పి వచ్చాను. పైగా మూడు మార్పులు ఒకేసారి చేశాను. ఒకవేళ నిజంగా తగ్గినా, దేనివల్ల తగ్గిందో చెప్పలేకపోయేవాణ్ణి.

లాగ్ ఏం చెప్పింది

వైఫై కలవడం మన కంటికి ఒకటే ఐకాన్, లోపల మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఆరు పనులు. డ్రైవర్, దాన్ని నడిపే సర్వీస్ లేవాలి. చుట్టూ ఏ నెట్‌వర్క్‌లు ఉన్నాయో వెతకాలి. తెలిసిన పేరు దొరికితే రూటర్‌తో జతపడాలి. పాస్‌వర్డ్ సరైందేనని ఇద్దరూ తేల్చుకోవాలి. రూటర్ నుంచి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో తనకో చిరునామా, తీసుకోవాలి. చివరగా, ఇంతకీ ఇంటర్నెట్ ఉందా లేదా అని విండోస్ చూసుకోవాలి. ఈ ఆరింట్లో ఎక్కడ ఆలస్యమైనా వాడేవారు చెప్పేది ఒకటే మాట: వైఫై లేట్ అండీ. ఎక్కడ ఆగిందో తెలియకుండా సెట్టింగులు మార్చడం చీకట్లో తాళంచెవి వెతకడమే, నిన్న నేను చేసింది అదే.

ఎక్కడ ఆగిందో విండోస్ రాసే పెట్టుకుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్' అనే కమాండ్ ఇస్తే, గత మూడు రోజుల వైఫై చరిత్ర అంతా ఒక వెబ్ పేజీలా తయారవుతుంది. ఫోన్‌లోనే చెప్పి ఆవిడతో చేయించి, ఫైల్ పంపించుకున్నాను. అందులో పైన ఒక గ్రాఫ్ ఉంటుంది, తప్పులు జరిగిన చోట ఎర్ర గుర్తులు పడతాయి. ఆ రోజు పొద్దున ఎర్ర గుర్తు ఒక్కటి కూడా లేదు. ఒక ఖాళీ, ఆ తర్వాత కనెక్షన్. అంతే.

ఖాళీ దగ్గర ఆగాను. తప్పు జరిగితే గుర్తు పడాలి. గుర్తు లేదంటే ప్రయత్నించి ఓడిపోలేదు, అసలు ప్రయత్నమే మొదలవలేదు.

సెకన్ల లెక్క కోసం రిమోట్‌లో వెళ్ళి ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్ కింద, విండోస్ ఫోల్డర్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అని ఉంటుంది, దాని ఆపరేషనల్ లాగ్ చూడాలి. గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు కొన్నే. 8000 అంటే ఫలానా నెట్‌వర్క్‌కు కనెక్ట్ అవడం మొదలుపెట్టాను అని. 11000, 11001 రూటర్‌తో జతపడటం మొదలైంది, పూర్తయింది అని. 11010, 11005 సెక్యూరిటీ మొదలైంది, సరిపోయింది అని. 8001 అంటే కనెక్ట్ అయ్యాను. 8002 వస్తే కాలేకపోయాను.

ఆ పొద్దుటి వరస ఇలా ఉంది. విండోస్ లేచింది 9:31:04కి. వైఫై సర్వీస్ మొదలైంది 9:31:15కి. 8000 వచ్చింది 9:32:41కి. 8001 వచ్చింది 9:32:43కి.

కనెక్ట్ కావడానికి పట్టింది రెండే సెకన్లు. సర్వీస్ లేచాక, మొదలుపెడతాను అనడానికి ముందు పోయినవి 86 సెకన్లు. ముందు రోజు మధ్యాహ్నం నేను ఆన్ చేసినప్పటి వరస పక్కన పెట్టుకుని చూస్తే అక్కడ ఆ ఎడం మూడు సెకన్లు.

ఇంకో చిన్న ఆధారం కూడా దొరికింది. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్ బూట్ పేరుతో 27 నంబర్ ఈవెంట్ ఒకటి ఉంటుంది, ఆ రోజు విండోస్ ఏ పద్ధతిలో లేచిందో చెబుతుంది. సున్నా ఉంటే పూర్తిగా కొత్తగా, 1 ఉంటే ఫాస్ట్ స్టార్టప్, 2 ఉంటే హైబర్నేట్ నుంచి. ఆ పొద్దున ఉన్నది సున్నా. అంటే నేను తీసేసిన ఫాస్ట్ స్టార్టప్ నిజంగానే ఆగిపోయింది, అయినా ఆలస్యం అలాగే ఉంది. నా మొదటి అనుమానం అక్కడితో పోయింది.

ఆ ఒక్క ఎడంతో చాలా విషయాలు తేలిపోయాయి. పాస్‌వర్డ్, సెక్యూరిటీ, ఐపీ అడ్రస్, డీఎన్ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చే ఏర్పాటు), ఇవన్నీ 8000 తర్వాత జరిగేవి కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు. సర్వీస్ సమయానికే లేచింది, డ్రైవర్ కూడా. మిగిలింది వెతకడం ఒక్కటే. 86 సెకన్ల పాటు ల్యాప్‌టాప్ తనకు తెలిసిన పేరు కోసం వెతుకుతూనే ఉంది, ఆ పేరు కనిపించలేదు. మధ్యాహ్నం కనిపించే పేరు పొద్దున ఎందుకు కనిపించదు?

పొద్దున్నే అక్కడికి వెళ్ళాను

ఫోన్‌లో తేలే విషయం కాదని ఆఫీసు తెరిచే వేళకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ వచ్చి తాళం తీశారు. భుజానికున్న బ్యాగు దించకుండానే టేబుల్ కిందికి వంగి ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ వేశారు. ప్రింటర్ గుర్రుమంది, మానిటర్ వెలిగింది, గోడ మీద రూటర్‌లో ఒక ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆవిడ కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ బటన్ నొక్కారు. స్విచ్‌కు, బటన్‌కు మధ్య అయిదు సెకన్లు కూడా లేదు.

"రూటర్ రోజూ ఆపేసి వెళ్తారా?" అని అడిగాను.

"అన్నీ ఒకే స్విచ్ మీద ఉన్నాయండీ. రాత్రి వెళ్ళేటప్పుడు అది ఆపేస్తే ఒక పని అయిపోతుంది" అన్నారు.

సంగతి సగం అక్కడే తెలిసిపోయింది. ఇక్కడ స్టార్టప్ రెండు పరికరాలది, మనం చూస్తున్నది ఒక్కదాన్నే. అయితే అది సగమే. రూటర్ లేవడానికి సమయం పడుతుంది సరే, ఫోన్‌కు ముందే ఎలా వస్తోంది?

ఫోన్‌లో టైమర్ పెట్టి రూటర్ దీపాలు చూస్తూ నిలబడ్డాను. 30 సెకన్లకు ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ వచ్చింది. ఈ రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్లలో, రెండు వేర్వేరు పేర్లతో వైఫై ఇస్తుంది. 40 సెకన్లకు రూటర్‌లో 2.4 అని రాసున్న దీపం వెలిగింది. దాని పక్కన 5 అని రాసున్నది వెలగలేదు. 50 సెకన్లకు ఆవిడ ఫోన్ టింగుమని మోగింది, రాత్రి నుంచి ఆగిన మెసేజ్‌లు వచ్చాయి. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్‌ల పట్టిక తెరిచి చూశాను. పక్క ఆఫీసుల పేర్లున్నాయి, వీళ్ళ రూటర్ పేరు కూడా ఉంది, కానీ చివర 5జీ (5 గిగాహెర్ట్జ్ అని, మొబైల్ 5జీ కాదు) అని ఉండే రెండో పేరు లేదు. నా సొంత ల్యాప్‌టాప్ తీసి పక్కనే పెట్టి చూశాను. అందులోనూ లేదు. ఒక నిమిషం దాటింది. ఒకటిన్నర. 1:42కి రెండో దీపం వెలిగింది. పట్టిక మూసి మళ్ళీ తెరవగానే ఆ పేరు రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఒకేసారి కనిపించింది. ఆవిడది కనెక్ట్ అయిపోయింది.

ఆవిడ ల్యాప్‌టాప్‌లో సేవ్ అయి ఉన్నది 5జీ పేరు ఒక్కటే. స్పీడు ఎక్కువని ఎవరో చెబితే పాత పేరును ఫర్గెట్ కొట్టారట. ఫోన్‌లో ఉన్నది 2.4 పేరు. మొదటి రోజు ఫోన్‌కు వైఫై వస్తుందా అని అడిగాను గానీ, ఏ పేరుకు అని అడగలేదు.

ఇక ఆ విండోస్ అప్‌డేట్ సంగతి. సరిగ్గా రెండు నెలల క్రితం ఇంకేమైనా మారిందా అని మళ్ళీ అడిగాను. "నెట్ వాళ్ళు రూటర్ మార్చారు. కానీ దానికీ దీనికీ సంబంధం ఏముందండీ, అప్పటి నుంచి స్పీడు ఇంకా పెరిగింది కదా?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. బాగుపడిన వస్తువును ఎవరూ అనుమానించరు.

ఐకాన్ మీద నొక్కితే త్వరగా వస్తుందన్న మాటకు కూడా అర్థం తెలిసింది. కనెక్షన్ లేనప్పుడు విండోస్ ఒకసారి వెతికి దొరక్కపోతే, మళ్ళీ వెతకడానికి కాసేపు ఆగుతుంది. పట్టిక తెరిస్తే మాత్రం అప్పటికప్పుడు కొత్తగా వెతుకుతుంది. రూటర్ గొంతు విప్పాక నొక్కితే ఆ ఆగడం తప్పుతుంది. కనిపెట్టింది ఆవిడే, నేనే పట్టించుకోలేదు.

ఆ అరవై సెకన్లు ఎక్కడివి

2.4 దీపానికి, 5 దీపానికి మధ్య ఎడం సుమారు ఒక నిమిషం. ఇది రూటర్ బద్ధకం కాదు, నిబంధన.

5 గిగాహెర్ట్జ్‌లో వైఫైకి ఇచ్చిన చానెళ్ళన్నీ వైఫై సొంతం కాదు. 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న చానెళ్ళలో రాడార్లు కూడా పనిచేస్తాయి: వాతావరణం చూసేవి, ఓడలవి, సైన్యానివి. వాటికి అడ్డు రాకూడదన్న షరతు మీదే వైఫైని అక్కడికి రానిచ్చారు. ఈ ఏర్పాటును డీఎఫ్ఎస్ అంటారు. దాని ప్రకారం రూటర్ అక్కడ ఒక్క మాట పలికే ముందు కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. రాడార్ చప్పుడు లేకపోతేనే ప్రసారం మొదలుపెట్టాలి. వాడుతుండగా రాడార్ వినిపిస్తే పది సెకన్లలో చానెల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా మళ్ళీ అటు రాకూడదు. యూరప్‌లో వాతావరణ రాడార్లు ఉండే 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య అయితే ఆ వినడం ఏకంగా పది నిమిషాలు. 36 నుంచి 48 వరకు ఉన్న చానెళ్ళకు ఈ గొడవ లేదు, రూటర్ లేచిన వెంటనే మాట్లాడొచ్చు.

ఈ చానెళ్ళలో ల్యాప్‌టాప్‌కు కూడా చెయ్యి కట్టేసినట్టే ఉంటుంది. మామూలుగా వెతికేటప్పుడు అది ఎవరైనా ఉన్నారా అని కేకేసి, జవాబు కోసం కొద్దిసేపే ఆగి పక్క చానెల్‌కు వెళ్తుంది. రాడార్ చానెళ్ళలో కేకేయడానికి లేదు, రూటర్ తనంతట తాను పంపే బీకన్ (నేనున్నానని చెప్పే సంకేతం) కోసం చెవి ఒగ్గి కూర్చోవాలి. బీకన్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, కాబట్టి ఒక్కో చానెల్‌లో అంతసేపు ఆగాలి. ఇది సెకన్లలో తేలిపోయే తేడానే, ఈ కేసులో నేరం దీనిది కాదు. అయితే నెట్‌వర్క్ పేరు దాచిపెట్టే అలవాటున్న చోట ఇది కూడా తోడై ఆలస్యం పెరుగుతుంది. పేరు దాచడం వల్ల భద్రత పెరుగుతుందనే నమ్మకం నాకు మొదటి నుంచీ లేదు.

కనెక్ట్ అయ్యాక 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్' కమాండ్ ఇచ్చి చూస్తే చానెల్ దగ్గర 52 అని ఉంది.

మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు

రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ను ఆటో నుంచి 36కు మార్చాను. స్విచ్ ఆపి వేసి, టైమర్ పెట్టాను. 40కి మొదటి దీపం. రెండో దీపం? 1:41. ఒక్క సెకను కలిసొచ్చింది.

నిన్నటి పాఠం గుర్తుంది కాబట్టి ఇంకేమీ ముట్టుకోకుండా కూర్చుని ఆలోచించాను. చానెల్ 36కు రాడార్ నిబంధన లేదు. మరి ఎవరి కోసం వింటోంది? అదే పేజీలో రెండు వరసల కింద జవాబుంది. చానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్.

వైఫైలో మూల చానెల్ ఒక్కొక్కటి 20 మెగాహెర్ట్జ్. 160 అంటే ఎనిమిది కలిపి వాడటం. 36తో మొదలుపెట్టి ఎనిమిది లెక్కపెడితే 36, 40, 44, 48, ఆ తర్వాత 52, 56, 60, 64. చివరి నాలుగూ రాడార్ చానెళ్ళే. ముందున్న 52, నేను పెట్టిన 36, రెండూ ఒకే ఎనిమిది చానెళ్ళ గుంపులోవి. గది మార్చాననుకున్నాను, అదే గదిలో కుర్చీ మార్చానంతే. కొన్ని రూటర్లు ఇలాంటప్పుడు ముందు తక్కువ వెడల్పుతో మొదలుపెట్టి, వెనకాల విని, తర్వాత విస్తరిస్తాయి. ఇది అలాంటిది కాదు, మొత్తం విన్నాకే గొంతు విప్పుతుంది.

వెడల్పు 80కి తగ్గించాను. అప్పుడు వాడేది 36 నుంచి 48 వరకే. మళ్ళీ స్విచ్ ఆపి వేశాను. 40కి మొదటి దీపం, 43కి రెండోది.

వెడల్పు సగం చేస్తే స్పీడు సగం కాదా అని ఆవిడ అడిగారు. రూటర్‌కు, ల్యాప్‌టాప్‌కు మధ్య గరిష్ఠ వేగం తగ్గుతుంది, నిజమే. కానీ వాళ్ళు తీసుకున్న ఇంటర్నెట్ లైను వేగం ఆ 80 మెగాహెర్ట్జ్ మోయగలిగినదానికంటే చాలా తక్కువ. ముందూ తర్వాతా స్పీడ్ టెస్ట్ చేస్తే రెండుసార్లూ ఒకే అంకె. ఆఫీసులోనే రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైళ్ళు పంపుకునేవాళ్ళకైతే ఈ సలహా ఇవ్వను.

వైఫై వచ్చింది, నెట్ రాలేదు

ఇక్కడితో అయిపోతే బాగుండేది. 45 సెకన్లకే వైఫై పట్టుకుంది కానీ ఐకాన్ మీద భూగోళం గుర్తు అలాగే ఉంది. ఆ ఎర్ర బాక్స్ కూడా వచ్చింది.

విండోస్ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాగానే మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉన్న ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ అడుగుతుంది. అనుకున్న జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు లెక్క, రాకపోతే భూగోళం. ఇక్కడ ల్యాప్‌టాప్‌కు ఐపీ అడ్రస్ వచ్చింది, రూటర్‌ను పింగ్ చేస్తే జవాబు ఇస్తోంది, బయటికి మాత్రం దారి లేదు. కారణం రూటర్ వెనకాలే ఉంది. ఫైబర్ మోడెమ్ కూడా అదే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉంది, అది లైను పట్టుకునేసరికి 75 సెకన్లు. ఇన్నాళ్ళూ వైఫై ఇంకా ఆలస్యం కాబట్టి మోడెమ్ ఆలస్యం దాని నీడలో దాక్కుంది. ముందున్నది తప్పుకునేసరికి బయటపడింది.

దీనికి సెట్టింగ్ ఏమీ లేదు. రూటర్, మోడెమ్ ప్లగ్గులు రెండూ తీసి, స్విచ్‌తో సంబంధం లేని గోడ సాకెట్‌లో పెట్టాను. రాత్రంతా ఆన్‌లో ఉంటే కాలిపోవా అని ఆవిడకు భయం. ఇవి పగలూ రాత్రీ నడవడానికే చేసిన వస్తువులని, వెంటనే వైఫై కావాలంటే అవి ముందే మేలుకుని ఉండాలని చెప్పాను. ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.

అలాంటప్పుడు చానెల్ మార్చడం ఎందుకు, ప్లగ్గు మారిస్తే సరిపోయేది కదా అనొచ్చు. రోజువారీగా సరిపోయేదే. కానీ కరెంటు పోయి వస్తే రూటర్ మళ్ళీ మొదటి నుంచి లేవాలి. మధ్యలో రాడార్ వినిపించిందని చానెల్ వదిలేసి వెళ్ళినా ల్యాప్‌టాప్ తెగిపోతుంది. ఆ రెండింటికీ మందు చానెల్ మార్పే.

ఇంకో రెండు చిన్న పనులు చేశాను. 2.4 పేరును కూడా ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసి, వరసలో 5జీ పేరు తర్వాత ఉంచాను. ఆ ప్రొఫైల్ ప్రాపర్టీస్‌లో, ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయి ఉన్నా ఇతర నెట్‌వర్క్‌ల కోసం చూస్తుండు అనే టిక్ పెట్టాను. అది లేకపోతే ఒకసారి 2.4 పట్టుకుంటే రోజంతా అక్కడే కూర్చుంటుంది. రెండోది, ఆ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ను స్టార్టప్ జాబితాలోంచి తీసి, టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ అయిన ముప్పై సెకన్లకు తెరుచుకునేలా పెట్టాను. నెట్ కోసం ఒక్కసారి చూసి, లేదని మూసుకుపోయే ప్రోగ్రామ్‌కు అంత తొందర ఎందుకు?

ఎడం ఇంకెక్కడైనా ఉంటే

మీ లాగ్‌లో ఎడం 8000కి ముందు కాకుండా వేరే చోట ఉంటే ఈ కథ మీకు పనికిరాదు. 11010 మొదలై 11005 రావడానికి సమయం పడుతున్నా, మధ్యలో 8002లు కనిపిస్తున్నా గొడవ సెక్యూరిటీ దగ్గర: డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతులు రెండూ కలిపి పెట్టిన రూటర్‌తో పాత డ్రైవర్ తడబడటం నేను ఎక్కువగా చూసినది. 8001 వెంటనే వచ్చి, ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతుంటే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ ఇచ్చే ఏర్పాటు) జవాబు రాలేదని అర్థం. జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ నాలుగు సెకన్లు, ఎనిమిది, పదహారు, ఇలా రెట్టింపు ఎడంతో అడుగుతుంది, అందుకే మూడు అడగడాలు వృథా అయితేనే దాదాపు అర నిమిషం పోతుంది. వైఫై సర్వీస్ లేవడమే ఆలస్యమై, 27వ ఈవెంట్‌లో 1 కనిపిస్తుంటే, అప్పుడు నిజంగానే ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించండి.

లినక్స్ వాడేవాళ్ళకు ఇదే పని జర్నల్ (సిస్టమ్ లాగ్) చేస్తుంది. ఆ బూట్‌కు సంబంధించిన నెట్‌వర్క్ మేనేజర్ లాగ్, కెర్నల్ లాగ్ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎడం కనిపిస్తుంది. సిస్టమ్‌డీ అనలైజ్ ఇచ్చే జాబితాలో పైన వెయిట్ ఆన్‌లైన్ అనే సర్వీస్ ఉందని దాన్నే ఆపేస్తుంటారు చాలామంది. దాని పనే ఎదురుచూడటం. ఆపేస్తే బూట్ తొందరగా అయినట్టు కనిపిస్తుంది, వైఫై మాత్రం రావాల్సినప్పుడే వస్తుంది.

వారం తర్వాత

అయిదు పనిరోజుల లాగ్ తెప్పించుకున్నాను. సర్వీస్ లేచినప్పటి నుంచి 8000 వరకు ఎడం రెండు నుంచి నాలుగు సెకన్లు. బుధవారం పొద్దున కరెంటు పోయి వచ్చింది, ఆ రోజు మాత్రం 19 సెకన్లు. అది కూడా ముందు 2.4 పట్టుకుని, తర్వాత తనే 5కి మారింది. ఎర్ర బాక్స్ ఒక్క రోజూ రాలేదు.

లాగ్ చూసిన రోజే రిమోట్‌లో వెళ్ళి, మొదటి రోజు నేను తీసేసిన రెండు టిక్కులూ తిరిగి పెట్టేశాను. మర్నాడు 27వ ఈవెంట్‌లో 1 ఉంది, వైఫై ఎడం మూడు సెకన్లు, డెస్క్‌టాప్ వచ్చింది మునుపటి కంటే పది సెకన్లు ముందు.